చిన్న గదికి ఎలాంటి స్పీకర్లు?

సంగీతం శ్రద్ధగా వినదలచినవారు ఖరీదైన లౌడ్ స్పీకర్లు కొనే ముందు తమ గదిని ఒకసారి పరీక్షించుకోవడం మంచిది. మన చెవికి చేరే ధ్వని స్పీకరులో పుట్టినదే అయినా, దాన్ని పెంచేదీ చెరిచేదీ గది గోడలే.

అనంతపురం మెట్టప్రాంతంలో సగటు వర్షపాతం ఏటా సుమారు 550 మిల్లీమీటర్లు. వాన తక్కువ గనుకనే ఇక్కడ చౌడుమట్టి కప్పిన మిద్దెలు చిరకాలం నిలిచాయి. దూలాలు, మట్టి కలిసిన ఆ కప్పు ధ్వనిని కొంత పీల్చుకొనేది. నేటి ఇళ్ళలో కాంక్రీటు కప్పు, సిమెంటు గోడలు, కింద తాడిపత్రి నాపరాళ్ళు. ఇవన్నీ ధ్వనిని దాదాపు వచ్చినంతా వెనక్కు పంపుతాయి.

1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని ఒక ఉపన్యాసశాలలో మాటలు అర్థం కాకపోతే, కారణం కనుక్కొనే పని సబైన్ అనే యువ భౌతికశాస్త్రజ్ఞునికి అప్పగించారు. ఆయన కుర్చీల మెత్తలు తెచ్చి పరుస్తూ ధ్వని ఎంతసేపు నిలుస్తున్నదో కొలిచాడు. గది ఘనపరిమాణాన్ని 0.161తో హెచ్చించి, గదిలోని మొత్తం శోషణతో భాగిస్తే ఆ కాలం వస్తుందని తేలింది. దీనినే ప్రతినాద కాలం అంటారు.

3.6 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు గల గదిని తీసుకొందాం. గోడలు నూటికి 3 వంతుల ధ్వనినే పీల్చుకొంటే ప్రతినాద కాలం సుమారు 2.8 సెకనులు. అంటే ఒక స్వరం ఆరకముందే తరువాతి స్వరాలెన్నో దానిమీద పడతాయి. ఈ కాలం 0.4 సెకనుకు దిగాలంటే 13 చదరపు మీటర్ల పూర్తి శోషణ కావాలి. దూది పరుపులు, పుస్తకాల అరలు, మన కురుబలు నేసే ఉన్ని కంబళ్ళు ఇందుకు పనికివస్తాయి. కంబళిని గోడకు అంటించక జానెడు దూరంలో వేలాడదీస్తే మరింత ఫలితం ఉంటుంది.

అయితే మంద్రధ్వనులకు కంబళి చాలదు. గాలిలో ధ్వని వేగం 30 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద సెకనుకు సుమారు 350 మీటర్లు. దీనిని గది కొలతకు రెట్టింపుతో భాగిస్తే ఆ దిశలో మొదటి అనునాదం తెలుస్తుంది. మన గదిలో పొడవు దిశలో సెకనుకు 49 కంపనాలు, వెడల్పు దిశలో 58. ఎత్తూ అంతే గనుక రెండూ ఒకేచోట కలిసి ఆ స్వరాన్ని మరీ ఉబ్బిస్తాయి. అందుచేత గోడకు ఆనుకొని కూర్చుంటే మృదంగపు ఎడమచేతి నాదం మోతగా వినిపిస్తుంది. సరిగా గది నడుమ కూర్చుంటే సన్నగిల్లుతుంది. ఈ రెండింటికీ నడుమ స్థానం వెతుక్కోవాలి. స్పీకర్లనూ మూలల్లో పెట్టరాదు.

ఇక ఎంపిక. ఇలాంటి గదికి 5 లేక 6 అంగుళాల శంకువు గల స్పీకర్లు సాధారణంగా చాలు. నిలువెత్తు స్పీకర్లు ఆ అనునాదాలనే మరింత రెచ్చగొడతాయి. రంధ్రం ఉన్న పెట్టెలో మంద్రధ్వని అష్టకానికి 24 డెసిబెల్ల చొప్పున తగ్గిపోతుంది. మూసిన పెట్టెలో 12 చొప్పున మెల్లగా తగ్గుతుంది. ఆ తగ్గుదలను చిన్న గది కొంత పూరిస్తుంది గనుక మూసిన పెట్టె ఇక్కడ తరచు అనుకూలం.

వందలకొద్దీ వాట్లు కూడా అక్కరలేదు. ఒక వాటుకు ఒక మీటరు దూరంలో 85 డెసిబెల్లు ఇచ్చే స్పీకరుతో, రెండు మీటర్ల దూరంలో 75 డెసిబెల్ల స్థాయిలో వినడానికి అర వాటు సరిపోతుంది. హఠాత్తుగా 20 డెసిబెల్లు పెరిగే ఘట్టాలకైనా 40 వాట్లు చాలు.

కొనేటప్పుడు బాగా పరిచయమైన పాటనే పరీక్షకు పెట్టాలి. 1957 నాటి ‘మాయాబజార్’ పాటలు తెలియని తెలుగువారు అరుదు. గొంతు సహజంగా ఉన్నదో లేదో వెంటనే పోల్చవచ్చు. వీలైతే అంగడిలో కాక ఇంట్లోనే వినాలి. వానను నమ్ముకొన్న సీమలో కూడబెట్టిన రూపాయి చిన్నది కాదు. దానిలో కొంత పరుపులకూ కంబళ్ళకూ కేటాయిస్తే, మధ్యరకం స్పీకరు కూడా ఉత్తర గోడల నడుమ మోగే ఖరీదైన స్పీకరు కంటె బాగా పలుకుతుంది.