చికిత్సకు తోడు పరిశోధన.. వైద్యుడికి తీరికేదీ?

శ్రీకాకుళం: ఉద్దానం ప్రాంతం నుంచి వచ్చే మూత్రపిండాల రోగిని మొట్టమొదట చూసేది పరిశోధన సంస్థలోని శాస్త్రవేత్త కాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో, ప్రాంతీయ ఆసుపత్రిలోనో పనిచేసే వైద్యుడు. వచ్చిన మనిషికి మధుమేహం ఉండదు. ఏళ్ల తరబడి రక్తపోటు ఉన్న దాఖలా ఉండదు. రక్తపరీక్షలో క్రియాటినిన్ మాత్రం హద్దు దాటి కనిపిస్తుంది. అదే ఊరి నుంచి, ఒక్కోసారి అదే ఇంటి నుంచి మరొకరు అదే తీరున వచ్చినప్పుడు ఆ వైద్యుడి మనసులో ఒక ప్రశ్న మొలకెత్తడం సహజం. అయితే బయట వరుసలో ఇంకా పదుల సంఖ్యలో రోగులు నిలబడి ఉంటారు. మందుల చీటీ రాసివ్వడంతో ఆ ప్రశ్న అక్కడే ఆగిపోతుంది.

చికిత్స చేసే వైద్యుడే పరిశోధన కూడా చేయాలన్న వాదన కొత్తది కాదు. రోగిని ప్రతిరోజూ చూసే వ్యక్తికి తోచే ప్రశ్న ప్రయోగశాలలో కూర్చున్నవారికి తోచదన్నది అనుభవజ్ఞుల మాట. అయినా అటువంటి వైద్యుడికి ఏ తోడ్పాటు కావాలన్న చర్చ వచ్చినప్పుడల్లా పరికరాలు, భవనాలు, నిధుల వద్దే ఆగిపోవడం పరిపాటిగా మారింది. వాస్తవానికి అన్నింటికంటే ముందు కావలసింది వేరే పనులేవీ చొరబడని కొన్ని గంటలు.

బదిలీ ఉత్తర్వుతో ఆగిన పరిశోధన

ఇందుకు తెలుగునేలపై జరిగిన ఉదంతమే ఒకటి ఉంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదు సమీపంలోని బేగంపేటలో రోనాల్డ్ రాస్ ఒక దోమ జీర్ణకోశంలో మలేరియా క్రిమి ఆనవాళ్లను సూక్ష్మదర్శినిలో గుర్తించారు. ఆయన వృత్తిరీత్యా సైనిక వైద్యుడు. జబ్బుపడిన సిపాయిలకు మందులివ్వడం ఆయన ఉద్యోగం. దోమలను కోసి చూడడం ఆ ఉద్యోగంలో భాగం కాదు. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగికి కుట్టిన ఒక్కో దోమకు ఒక్కో అణా చొప్పున చెల్లించి ఆయన ఈ పరిశీలన సాగించారు.

ఇంతవరకు పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. ఆ తర్వాత జరిగినదాన్ని ప్రస్తావించేవారు తక్కువ. మరుసటి నెలలోనే రాస్‌కు బదిలీ ఉత్తర్వులు అందాయి. చివరకు ఆయన రాజపుటానాలోని ఖేర్వారాకు చేరారు. అక్కడ మలేరియా రోగులే అరుదు. పరిశోధన నిలిచిపోయింది. లండన్‌లో ఉన్న వైద్యుడు పాట్రిక్ మాన్సన్ పట్టుబట్టి ప్రభుత్వాన్ని ఒప్పించడంతో 1898లో రాస్‌ను ప్రత్యేక విధులపై కలకత్తాకు పంపారు. రోగులను చూసే బాధ్యత లేకుండా, పరిశోధన కోసమే కేటాయించిన ఆ కొద్ది నెలల్లోనే పక్షుల మలేరియాపై పనిచేసి, వ్యాధి దోమకాటు ద్వారానే సంక్రమిస్తుందని ఆయన నిరూపించారు. 1902లో నోబెల్ బహుమతి లభించింది. ఖేర్వారాలోనే ఉండిపోయి ఉంటే ఆ ఖ్యాతి మరొకరికి దక్కేదేమో!

ఫ్లోరోసిస్ కథ కూడా ఇటువంటిదే. అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో నడుము వంగి, కీళ్లు బిగుసుకుపోయిన గ్రామీణులను పరిశీలించి షార్ట్, ఆయన సహచరులు 1937లో ఆ వ్యాధిని వైద్యలోకం దృష్టికి తెచ్చారు. నల్గొండ జిల్లాలోని ఫ్లోరోసిస్‌పై ఎ.హెచ్.సిద్దిఖీ రాసిన పత్రం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది. రోగి ఎముకల నుంచి ఊరి బావి నీటి వరకు దారి వెతుక్కుంటూ వెళ్లిన పని అది.

ఉద్దానంలో తేలనిది ఇంకా మిగిలే ఉంది

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో విస్తరించిన ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలకు ఎంత పేరుందో మూత్రపిండాల వ్యాధికీ అంతే అపఖ్యాతి ఉంది. విశాఖపట్నానికి చెందిన మూత్రపిండాల వైద్య నిపుణుడు, ఆరోగ్య విశ్వవిద్యాలయ మాజీ ఉపకులపతి డాక్టర్ టి.రవిరాజు బృందం ఈ ప్రాంతంలో 2210 మందిని పరీక్షించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో 18 శాతానికి పైగా దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఉన్నట్లు తేలింది. వారిలో అత్యధికులకు తెలిసిన కారణమేదీ లేకపోవడం గమనార్హం. నీరు, వేడిమిలో శ్రమ, పురుగుమందులు, భారలోహాలు, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం.. అనుమానితుల జాబితా పొడవుగానే ఉంది. దోషి ఎవరన్నది మాత్రం నిర్ధారణ కాలేదు.

2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, మూత్రపిండాల పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని ఉద్దానం గ్రామాలకు చేర్చే పథకమూ వచ్చింది. రోగికి దగ్గరలో వైద్యం, ఇంటికి మంచినీరు.. రెండూ ఎంతో అవసరమైనవే. అయితే కొత్త నీరు తాగడం మొదలయ్యాక కొత్త కేసులు తగ్గాయా, లేదా? ఏ ఊళ్లో, ఏ వయసువారిలో? ఈ ప్రశ్నకు జవాబు రావాలంటే ఏళ్ల తరబడి ఒకే పద్ధతిలో రాసిపెట్టిన లెక్కలు కావాలి. ఆ లెక్కలకు మూలం రోగిని చూసిన వైద్యుడు నింపే కేస్ షీటే.

మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్ అనుభవం ఇక్కడ ప్రస్తావించదగినది. అక్కడి ఒక పెద్దాసుపత్రిలో కొత్తగా చేరిన మూత్రపిండాల రోగుల వివరాలను గార్సియా ట్రబనినో, సహచర వైద్యులు వరుసగా నమోదు చేశారు. దాదాపు మూడింట రెండొంతుల మందిలో మధుమేహం, రక్తపోటు వంటి కారణాలేవీ లేవని 2002లో వెల్లడించారు. అందుకు ఖరీదైన యంత్రమేదీ అవసరం కాలేదు. వచ్చిన ప్రతి రోగినీ ఒకే రకమైన ప్రశ్నలు అడిగి, జవాబులు రాసుకున్నారు. చెరకు తోటల కూలీల వ్యాధి ప్రపంచానికి తెలియడంలో ఆ పనిది పెద్ద పాత్ర.

గంటలు ఎక్కడి నుంచి తేవాలి?

బోధనాసుపత్రిలోని సహాయ ఆచార్యుడి దినచర్య చూస్తే చిక్కు అర్థమవుతుంది. ఉదయం ఓపీ, తర్వాత వార్డులు, మధ్యాహ్నం తరగతులు, మధ్యమధ్య వైద్య శిబిరాలు, న్యాయస్థానంలో సాక్ష్యాలు, ఆరోగ్య పథకం దస్త్రాలు. సాయంత్రం సొంత క్లినిక్‌లో కూర్చుంటే ఆదాయం వస్తుంది. అదే సాయంత్రం పాత కేస్ షీట్లు ముందేసుకుంటే ఏమీ రాదు. పరిశోధన పట్ల ఆసక్తి లేదని వైద్యులను నిందించేవారు ఈ తేడాను లెక్కలోకి తీసుకోవడం లేదు.

ఫలితం అంకెల్లో కనిపిస్తూనే ఉంది. దేశంలోని 579 వైద్య విద్యాసంస్థలను పరిశీలించి 2016లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం 2005 నుంచి 2014 వరకు పదేళ్లలో 332 సంస్థల నుంచి ఒక్క పరిశోధన పత్రమైనా వెలువడలేదు. మొత్తం పత్రాల్లో 40 శాతం కేవలం 25 సంస్థల నుంచే వచ్చాయి. పదోన్నతికి ప్రచురిత పత్రాలు ఉండాలన్న నిబంధన ఈ లోటును తీర్చేది కాదు. గంటలు ఇవ్వకుండా పత్రాలు అడిగితే, ఎలాగోలా సంఖ్య నింపే పత్రాలే వస్తాయి.

ఇతర దేశాలు ఈ సమస్యను గంటల లెక్కలోనే పరిష్కరించుకునే ప్రయత్నం చేశాయి. 2006లో ఏర్పడిన బ్రిటన్ జాతీయ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎంపిక చేసే యువ వైద్యులకు శిక్షణ కాలంలో నాలుగో వంతు పరిశోధనకే కేటాయిస్తారు. ఆ సమయంలో వార్డుకు పిలవడానికి వీల్లేదు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు రోగులపై పరిశోధన చేసే వైద్యులకిచ్చే ఒక రకం గ్రాంటులో 75 శాతం సమయాన్ని పరిశోధనకు వదిలిపెడతామని ఆసుపత్రి ముందుగా హామీ ఇవ్వాలి. ఇంటి బాధ్యతల కారణంగా పరిశోధనకు దూరమయ్యే వైద్యులను, వారిలో మహిళలే ఎక్కువ, నిలబెట్టుకోవడానికి డోరిస్ డ్యూక్ సంస్థ 2015లో అక్కడి పది వైద్య విద్యాసంస్థలకు ప్రత్యేక నిధి సమకూర్చింది. ఆ సొమ్ముతో సమాచార సేకరణకు సహాయకులను నియమించుకోవచ్చు.

మనకూ దారులు లేకపోలేదు. భారత జీవసాంకేతిక విభాగం, వెల్‌కమ్ ట్రస్టు కలిసి 2008లో నెలకొల్పిన ఇండియా అలయన్స్ హైదరాబాదు కేంద్రంగానే పనిచేస్తోంది. వైద్యులకు, ప్రజారోగ్య నిపుణులకు ప్రత్యేకంగా ఫెలోషిప్‌లు ఇస్తోంది. ఈ కార్యక్రమం మూడో దశకు 2025 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం రూ.1,500 కోట్లతో ఆమోదం తెలిపింది. ఎంబీబీఎస్ విద్యార్థులు రెండు నెలలపాటు ఒక చిన్న పరిశోధన చేసేందుకు భారత వైద్య పరిశోధన మండలి 1979 నుంచి స్వల్పకాలిక ఉపకార వేతనం ఇస్తోంది. కేంద్ర ఆరోగ్య పరిశోధన విభాగం 2013 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలల్లో పరిశోధన యూనిట్ల ఏర్పాటుకు నిధులిస్తోంది. ఇవన్నీ ప్రధానంగా కళాశాలల వారికి అందుబాటులో ఉన్నవి. మండల కేంద్రంలోని వైద్యుడికి దరఖాస్తు ఎలా రాయాలో చెప్పేవారే ఉండరు.

అనుమతుల సంగతీ అంతే. 2019 నిబంధనల ప్రకారం మనుషులపై జరిగే వైద్య పరిశోధనను నమోదైన నైతిక సంఘం పరిశీలించాలి. సొంత సంఘం లేని ఆసుపత్రి సమీపంలోని వైద్య కళాశాల సంఘంతో ఒప్పందం చేసుకునే వీలుంది. ఇది అనవసర తతంగమన్న విసుగు కొందరు వైద్యుల్లో ఉంది. అది సరికాదు. తన వైద్యుడే రక్తనమూనా అడిగితే కాదనలేని స్థితిలో ఉంటాడు రోగి. చికిత్సకూ పరిశోధనకూ మధ్య తేడాను తెలుగులో, అతడికి బోధపడేలా వివరించి సమ్మతి తీసుకోవాలి. పరీక్ష ఫలితాన్ని తిరిగి అతడికి చెప్పాలి. నమూనా తీసుకెళ్లి మళ్లీ ముఖం చూపనివారికి ఏ ఊళ్లోనూ రెండోసారి చేయి చాపరు.

జిల్లా స్థాయిలో పెద్ద ఖర్చు లేకుండా చేయగలిగినవీ కొన్ని ఉన్నాయి. వారానికి ఒక పూట ఓపీ విధుల నుంచి మినహాయింపునిస్తూ సూపరింటెండెంట్ రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వవచ్చు. అధ్యయనం మధ్యలో ఉన్న వైద్యుడి బదిలీని అది ముగిసేదాకా ఆపవచ్చు. నాలుగైదు ఆసుపత్రులకు కలిపి గణాంకాలు తెలిసిన ఒక వ్యక్తిని నియమించవచ్చు. కళాశాలలోని సామాజిక వైద్య విభాగం నెలకోసారి ఆ వైద్యులను కూర్చోబెట్టి వారి ప్రశ్నలు వినవచ్చు.

పీజీ వైద్య విద్యార్థులు మూడు నెలలపాటు జిల్లా ఆసుపత్రుల్లో తప్పనిసరిగా పనిచేయాలన్న నిబంధన ఇప్పటికే అమల్లో ఉంది. పీజీలకు పరిశోధన పద్ధతులపై ఆన్‌లైన్ కోర్సు కూడా తప్పనిసరి. అంటే కేస్ షీట్లను ఒక క్రమంలో పెట్టడం నేర్చుకున్న యువ వైద్యులు విడతలవారీగా జిల్లాకు వస్తూనే ఉన్నారు. మూడు నెలలు తిరిగేసరికి ఒక జట్టు వెళ్లి మరో జట్టు వస్తుంది. మొదటి జట్టు ఎక్కడ ఆపిందో రెండో జట్టుకు అప్పగించేందుకు జిల్లా ఆసుపత్రిలో స్థిరంగా ఉండే వైద్యుడు ఒకరు కావాలి. ఆయనకు వారంలో ఆ ఒక్క పూట కావాలి.