డాక్టరుగారి సైడు బిజినెస్

మనవాళ్ళ ఇళ్ళలో భోజనాలయ్యాక నలుగురు మగవాళ్ళు చేరితే మాట సైడు బిజినెస్ మీదికి పోతుంది. ఒకరు మోటెల్ అంటారు, ఒకరు గ్యాస్ స్టేషన్ అంటారు. డాక్టర్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం లాబ్, లేదా ఇళ్ళకు నర్సులను పంపే హోమ్ హెల్త్ ఏజెన్సీ. "పేషెంట్లు మీ చేతిలోనే ఉన్నారు కదండీ!" అంటారు.

చిక్కంతా ఆ మాటలోనే ఉంది. డాక్టరుకు గాని, అతని కుటుంబానికి గాని వాటా ఉన్న లాబ్‌కు మెడికేర్ పేషెంట్లను పంపరాదని అమెరికన్ కాంగ్రెసు 1989లో చట్టం చేసింది. పీట్ స్టార్క్ అనే సభ్యుని పేరుతో దాన్ని స్టార్క్ చట్టమంటారు. 1993లో ఎక్స్‌రే, హోమ్ హెల్త్ వగైరాలనూ చేర్చారు. "మా ఆవిడ పేర పెడతాను" అనే మిత్రులకు ఒక మనవి. ఈ చట్టంలో కుటుంబమంటే భార్యే కాదు. తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు, అత్తమామలు, బావమరదులు, అల్లుళ్ళు, తాతలు, మనవలు! మన శుభలేఖల్లో కూడా ఇందరుండరు. తెలియక చేశామన్నా మెడికేర్ ఇచ్చిన సొమ్ము తిరిగి కట్టవలసిందే. మినహాయింపులు లేకపోలేదు, అవి లాయరు చూసి చెప్పాలి.

హెచ్-1 వీసా మీదున్నవారికి ఇంకొక సంగతి. వాటా కొనుక్కోవచ్చు, ఆ వ్యాపారంలో పనిచేయడం మాత్రం కూడదు. ఆదివారం గల్లాపెట్టె దగ్గర కూర్చోవడమూ పనే.

నా మట్టుకు నాకు పేషెంటుతో సంబంధం లేనిదే మేలనిపిస్తుంది. ఒక చిన్న ఇల్లు కొని అద్దెకివ్వడం అటువంటిది. అయితే మనం ఆస్పత్రిలో కాల్ మీదున్న రాత్రి అద్దెవారి హీటరు ఆగిపోతే ఎవరు వెళ్ళాలో, కొనేముందే ఇంట్లో తేల్చుకోండి.