అమ్మమ్మకో గది కావాలి, పొలం మాత్రం ఒప్పుకోదు!

మా అమ్మమ్మ పేరు మీద ఊరి రోడ్డు పక్కనే పది గుంటల భూమి ఉంది. పట్టాదారు పాస్‌బుక్ కూడా ఉంది. అయినా ఆ పది గుంటల్లో ఆమె తన కోసం ఒక్క గది కట్టుకోవాలంటే ఎన్ని మెలికలున్నాయో ఈ ఏడాదే మాకు తెలిసొచ్చింది.

ఆమె అడిగేది బంగళా కాదు. ఒక గది, దాన్నానుకుని బాత్రూమ్, మెట్టు లేని గుమ్మం. అంతే. ఇప్పుడుంటున్న పెంకుటింట్లో బాత్రూమ్ పెరటి చివర ఉంది. మోకాళ్ల నొప్పులతో, రాత్రిపూట టార్చ్ పట్టుకుని అక్కడిదాకా నడవాలి. మావయ్యలేమో హైదరాబాద్ వచ్చేయమంటారు. "మూడో అంతస్తుల కూసొని ఎవల మొకం చూడాలె?" అంటుంది.

మరి పాత ఇల్లే పడగొట్టి కట్టొచ్చుగా అంటారా? ఆ ఇల్లున్నది గ్రామకంఠంలో. అంటే పాతకాలం నుంచీ ఊరు ఉన్న జాగా. సర్వేలో ఊరంతా కలిపి ఒక ముక్కగా చూపించి వదిలేశారు. చాలా ఇళ్లకు పొలానికి ఉన్నట్టు విడివిడి పట్టాలుండవు. చేతిలో ఉండేది పంచాయతీ ఇంటి పన్ను రసీదు. దాన్ని చూసి బ్యాంకు లోన్ ఇస్తుందా? ఈ గొడవ తీర్చడానికే కేంద్రం 2020 ఏప్రిల్‌లో స్వామిత్వ పథకం మొదలుపెట్టింది. డ్రోన్లతో ఇళ్లను కొలిచి ప్రాపర్టీ కార్డులిస్తుంది. మా ఊరికి ఇంకా ఆ డ్రోన్ రాలేదు.

పైగా రసీదు తాతయ్య పేరు మీదే ఉంది. ఆయన వీలునామా రాయలేదు. 1956 హిందూ వారసత్వ చట్టం లెక్కన అమ్మమ్మకు, ఇద్దరు మావయ్యలకు, మా అమ్మకు తలా ఒక సమాన వాటా. యాభై ఏళ్లు ఊడ్చి అలికిన ఇంట్లో ఆమెది నాలుగో వంతు!

ఇక మిగిలింది పొలం. వ్యవసాయ భూమిలో ఇల్లు కట్టాలంటే ముందు దాన్ని వ్యవసాయేతర భూమిగా మార్పించుకోవాలి. అందరూ 'నాలా' అనే చట్టం అదే, 2006 నాటిది. అనుమతి లేకుండా కడితే ఫీజుతో పాటు జరిమానా కూడా. నిజం చెప్పాలంటే మా ఊరి భూమి విలువకు ఆ ఫీజు పెద్ద భారమేం కాదు. తిరగడమే ఖర్చు. మాకు కావాల్సింది రెండు గుంటలే, కానీ ఆ ముక్కను కొలిపించి, హద్దులు చూపించాలి. మార్చిన జాగాకు రైతు భరోసా రాదు. ఎకరానికి ఏడాదికి 12,000 లెక్కన రెండు గుంటలకు పోయేది 600 రూపాయలు. మనకది ఒక బిర్యానీ పార్టీ. నెలకు 2,016 రూపాయల పింఛన్‌తో బతికే మనిషికి మాత్రం లెక్కే.

సరే, జాగా కుదిరిందనుకుందాం. ఇందిరమ్మ ఇళ్ల పథకంలో సొంత జాగా ఉన్నవాళ్లకు 5 లక్షలిస్తారు. మంచి పథకమే, నాకేం సందేహం లేదు. కానీ ఇల్లు కనీసం 400 చదరపు అడుగులు ఉండాలి, డబ్బేమో పని అయినకొద్దీ విడతలుగా వస్తుంది. బేస్‌మెంట్ లేపితేనే మొదటి లక్ష. ఆ బేస్‌మెంట్‌కు పెట్టుబడి ఎవరు పెట్టాలి? ఒంటరి ముసలామెకు అందులో సగం గది చాలు. అంత చిన్నది కడతానంటే ఈ పథకంలో చోటు లేదు.

అలాగని నాలా వద్దని నేననను. మా ఊరి చివర మొక్కజొన్న చేలల్లో వెంచర్ల రాళ్లు ఎలా మొలుస్తున్నాయో చూస్తూనే ఉన్నా. అడ్డు లేకపోతే సాగుభూమి మిగలదు. నా బాధల్లా ఒకటే. వంద ప్లాట్ల వెంచరైనా, అమ్మమ్మ గదైనా దాటాల్సింది ఒకటే గేటు. వెంచర్ వాళ్లకు తిరగడానికి మనుషులుంటారు.

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం 1973లోనే సాగుభూమిని కాపాడే గట్టి చట్టం తెచ్చింది. అక్కడ పొలంలో ఇల్లు కట్టడం మనకంటే కష్టం. అయినా ఒక సందు పెట్టారు. పొలంలో అప్పటికే ఉన్న ఇంట్లోవాళ్లకు గానీ, వాళ్ల బంధువుకు గానీ వయసు వల్లో జబ్బు వల్లో చూసుకునే మనిషి అవసరమైతే, ఆ ఇంటి పక్కనే తాత్కాలికంగా ఒక రెడీమేడ్ ఇల్లు పెట్టుకోవచ్చు. రెండేళ్లకోసారి అవసరం ఉందా లేదా అని చూస్తారు. అవసరం తీరాక ఇల్లు తీసేయాలి. భూమి పొలంగానే ఉంటుంది.

మన దగ్గరా ఇలాంటిదొకటి పెట్టొచ్చు కదా? అరవై దాటినవాళ్లు సొంత పొలంలో 200 చదరపు అడుగుల గది వేసుకుంటే మార్పిడి అక్కర్లేదని, దాన్ని అమ్మడానికి వీల్లేదని ఒక షరతు. వెంచర్ వాళ్లకు అందులో లాభమేం ఉండదు.

ప్రస్తుతానికి మావయ్యలిద్దరూ, అమ్మా పాత ఇంట్లో వాళ్ల వాటాలు అమ్మమ్మకే రాసివ్వడానికి ఒప్పుకున్నారు. ముందు పెరటి బాత్రూమ్‌ను గది పక్కకు మార్చే పని మొదలుపెడుతున్నాం. మీకూ ఊళ్లో పెద్దవాళ్లుంటే ఈసారి పండక్కి వెళ్లినప్పుడు ఇంటి పన్ను రసీదు, పాస్‌బుక్ ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఎవరి పేరు మీద ఏముందో చూడండి. సంతకాలు పెట్టాల్సినవాళ్లంతా ఒకేచోట ఉండేది ఆ రెండు మూడు రోజులే.