తెగిన ప్రవాహమును మూయుట

చిత్తూరు జిల్లాలో చెరువు క్రింద సేద్యము చేసినవారికి, తూము తెరచుట కన్న వేళకు మూయుటయే నేర్పుగల పనియని వేరుగా చెప్పనక్కరలేదు. దిగువ మడవ కట్టివేసి, ఎగువ తూమును మరచినచో కాలువగట్టు తెగును. సర్వరు యంత్రములపై నడచు ప్రోగ్రాములలోను ఇట్టి చిక్కే కలదు.

2009లో రయన్ డాల్ వెలువరించిన నోడ్ జేఎస్, జావాస్క్రిప్టు భాషను బ్రౌజరు వెలుపల, సర్వరుపై నడపుటకు సాధనమైనది. అందులో పెద్ద ఫైలును ఒక్కుమ్మడిగా మెమొరీలోనికి ఎత్తక, సాధారణముగా 64 కిలోబైట్ల తునకలుగా చదివి పంపుదురు. దీనికే స్ట్రీము, అనగా ప్రవాహము, అని పేరు.

తిరుపతి నుండి కొండకు బస్సులో పోవుచున్న యాత్రికుడొకడు సెల్‌ఫోనులోనికి పెద్ద ఫైలు దింపుకొనుచున్నాడనుకొందము. ఘాట్ రోడ్డు మలుపులో సిగ్నలు తెగినది. సంబంధము పోయినదని సర్వరు కొంతసేపటికి గ్రహించి ఆ కొసను మూయును. కాని ప్రోగ్రాము వ్రాసినవారు రెండు కొసలను ‘పైప్’ అను ఆజ్ఞతో మాత్రమే కలిపియుంచినచో, ఈవలి ఫైలు తెరచినది తెరచినట్లే యుండును. చదువువారు లేరు, మూయువారు లేరు. లినక్సు యంత్రములలో ఒక ప్రోగ్రాము ఒకేసారి తెరచి యుంచదగిన ఫైళ్లకు ఒక హద్దు కలదు. ఇట్టి అనాథ ఫైళ్లు ఆ హద్దును ముట్టిననాడు, చక్కని సిగ్నలుతో వచ్చిన క్రొత్త యాత్రికునికి సైతము ఫైలు దొరకదు. సర్వరు చెడిపోయినదని అందరు అనుకొందురు. యంత్రమున కే రోగమును లేదు.

‘పైప్’ అను మాట చూచుటకు ముద్దుగానే యున్నది. మాకు మాత్రము దానిపై నమ్మకము చాలదు. 2018లో నోడ్ పదవ కూర్పుతో వచ్చిన ‘పైప్‌లైన్’ మేలు. ఏ కొస తెగినను అది తక్కిన కొసలను తానే మూసి, జరిగిన దోషమును ప్రోగ్రామునకు తెలుపును.

మూయుటలోను రెండు తెరగులు కలవు. ‘ఎండ్’ అనినచో, ఇక పంపునది లేదు, చేతనున్నది చేర్చి ముగింపుమని అర్థము. ‘డిస్ట్రాయ్’ అనినచో ఉన్నపళముగా మూయుట. దారిలోనున్న తునకలు పోయినను పోవచ్చును. కడపటి తునకను వ్రాసిన వెంటనే తొందరపడి ‘డిస్ట్రాయ్’ చేసి, తోక లేని ఫైలును యాత్రికుని చేతబెట్టు ప్రోగ్రాములు అరుదు కావు.

‘పైప్‌లైన్’ వాడువారు మరియొకటి గమనింపవలెను. నడుమ దోషము వచ్చినచో అది ఆవలి సంబంధమును కూడ తెంచివేయును. పిమ్మట అదే దారిని “ఫైలు లేదు” అని చెప్పి పంపుటకు వీలుండదు. కావున ప్రవాహమును విడుచుటకు ముందే ఫైలును తెరచి చూచుకొనవలెను.