మత్తడి దూకిన నీళ్లు ఎటు పోవాలి?

క్లైమేట్ ఛేంజ్ అనగానే మనకు కరిగే మంచుకొండలో, ఢిల్లీ పొగో గుర్తొస్తాయి. వరంగల్, ఖమ్మం లాంటి మధ్యరకం ఊళ్లు ఆ లెక్కలోకే రావు. కానీ 2023 జూలై చివరి వారం గుర్తు చేసుకోండి. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో దాదాపు 650 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ రోజుల్లోనే వరంగల్, హన్మకొండల్లో ఎన్నో కాలనీలు మునిగాయి. మా పెద్దమ్మ వాళ్లింట్లోకి మోకాళ్ల లోతు నీళ్లొచ్చాయి. ఇల్లు అమ్మేద్దామా వద్దా అని వాళ్లింట్లో ఇప్పటికీ చర్చే.

వాన ఎక్కువైంది, నిజమే. అదొక్కటే కారణమా? సివిల్ స్టూడెంట్‌ని కదా, లెక్క వేసి చూశాను.

ముందు ఆకాశం సంగతి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదు. అందుకే వాన పడితే కుండపోతగా పడే అవకాశం పెరుగుతోంది. ఇది మన ఊరి చేతిలో లేదు.

ఇప్పుడు నేల సంగతి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. 200 గజాల ప్లాటు అంటే సుమారు 167 చదరపు మీటర్లు. 100 మిల్లీమీటర్ల వానకు దాని మీద 16,700 లీటర్లు పడతాయి. అది మట్టి నేలైతే 30 శాతం, అంటే 5,000 లీటర్లు బయటికి పారతాయనుకుందాం. స్లాబు, సిమెంటు వాకిలి అయితే 90 శాతం, అంటే 15,000 లీటర్లు. తేడా 10,000 లీటర్లు. ఎండాకాలంలో మనం కొనుక్కునే రెండు ట్యాంకర్ల నీళ్లన్నమాట! వెయ్యి ఇళ్ల కాలనీకి ఇది కోటి లీటర్లు. పైగా సిమెంటు మీద నీళ్లు ఆగవు, అన్నీ ఒకేసారి నాలాలో పడతాయి.

మరి ఇంకుడు గుంత తీస్తే సరిపోదా? మీటరున్నర పొడవు, వెడల్పు, లోతు ఉన్న గుంతలో 3,375 లీటర్లే పడతాయి. కంకర నింపితే ఇంకా తక్కువ. కింద రాయి తగిలితే ఇంకడమూ నెమ్మదే. గుంత కావాలి, కానీ అదొక్కటే చాలదు.

మిగతా నీళ్లకు కాకతీయుల కాలంలోనే దారి చూపించారు. గొలుసుకట్టు చెరువులు! పై చెరువు నిండితే మత్తడి దూకి, కాలువ పట్టుకుని కింది చెరువుకు చేరాలి. కరెంటు లేదు, మోటారు లేదు, పల్లమే ఇంజిను. ఈ గొలుసులో చెరువు ఎంత ముఖ్యమో, మధ్యలో కాలువ కూడా అంతే ముఖ్యం. శిఖం భూమిలో ప్లాట్లు పడ్డాయనుకోండి, చెరువు చిన్నదవుతుంది. కాలువ మీద ఇళ్లు లేచాయనుకోండి, మత్తడి నీళ్లకు మన వీధే కాలువ. చెరువు కట్ట మీద పార్కు, లైట్లు బాగానే ఉంటాయి కానీ మూసుకుపోయిన కాలువను అవి తెరవవు.

మనం చేయగలిగింది ఒకటుంది. మీ ఊరి పాత టోపోషీటు తీసుకుని, దాన్ని ఇప్పటి శాటిలైట్ చిత్రం పక్కన పెట్టండి. ఏ మత్తడి నుంచి ఏ చెరువుకు కాలువ ఉండేదో, అది ఎక్కడ తెగిందో గుర్తించండి. అక్కడికి ఆటో లెవెల్ పట్టుకెళ్లి పల్లం కొలవండి. ఆ మ్యాపును మున్సిపాలిటీ ఇంజినీరు చేతిలో పెట్టండి. మినీ ప్రాజెక్టు మార్కులు ఎలాగూ వస్తాయి. జూన్ లోపు ఇస్తే ఒక వీధైనా మునగకుండా ఆగొచ్చు.