కొత్త టైర్లు - వణికే స్టీరింగు

పల్నాడు జిల్లాలోని అచ్చంపేటలో మీకు ఒక పెదనాన్నగారు ఉన్నారనుకుందాం. ఆయనకు పత్తి, మిరప చేలూ, ఒక పాతకారూ ఉన్నాయి. కారు టైర్లు అరిగిపోయాయి. ఆయన గుంటూరు వెళ్ళి, నాలుగు కొత్త టైర్లు వేయించుకుని, సత్తెనపల్లి మీదుగా ఇంటికి బయలుదేరారు. ఆయన పక్కన మీరు కూర్చున్నారు.

ఊళ్ళో నెమ్మదిగా పోతున్నంతసేపూ కారు హాయిగానే నడిచింది. మంచి రోడ్డు వచ్చి, వేగం గంటకు 80 కిలోమీటర్లు కాగానే స్టీరింగు చక్రం పెదనాన్నగారి చేతుల్లో చలిజ్వరం వచ్చినట్టు వణకసాగింది. వేగం తగ్గిస్తే వణుకు పోయింది. మళ్ళీ పెంచితే మళ్ళీ వచ్చింది.

"టైర్లలో ఏదో దోషం ఉన్నది, పెదనాన్నా!" అన్నారు మీరు.

"ఛా! నిన్ననే కొన్న టైర్లు. కొత్తవాటిలో దోషమేమిటి? రోడ్డే బాగాలేదు కాబోలు," అన్నారాయన.

ఎవరి మాట నిజం? కొత్తది కనుక మంచిదే అయి ఉంటుందని పెదనాన్నగారు నమ్మారు. టైర్లు మార్చిన తరువాతనే వణుకు వచ్చింది గనుక టైర్లదే తప్పని మీరు నమ్మారు. నిజం చెప్పాలంటే రెండూ ఊహలే. కాకి వాలగానే తాటిపండు రాలితే, కాకి బరువుకే రాలిందని చెప్పగలమా? దీన్నే కాకతాళీయం అంటారు. పరీక్షించి చూస్తేనే గాని ఎవరి మాట నిజమో తేలదు. ఇది ఊరికే పంతం కోసం కాదు. ఆ కారులో ప్రయాణం చేసేది మన ఇంటివాళ్ళే గదా!

వణుకు ఎక్కడి నుంచి వస్తుంది?

మామూలు కారు చక్రం ఒక్కసారి తిరిగితే కారు దాదాపు 1.85 మీటర్లు ముందుకు పోతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22 మీటర్లకు కొంచెం పైన. లెక్క వేసి చూడండి: చక్రం సెకనుకు 12 సార్లు తిరుగుతున్నది!

ఇప్పుడు ఆ టైరు అంచులో ఒకచోట 30 గ్రాముల బరువు ఎక్కువగా ఉన్నదనుకుందాం. తాడుకు రాయి కట్టి గిరగిరా తిప్పితే, ఆ రాయి మీ చేతిని బయటికి లాగుతుంది గదా? ఈ 30 గ్రాములూ అలాగే ఇరుసును లాగుతాయి. 80 కిలోమీటర్ల వేగంలో ఆ లాగుడు 5 కిలోల బరువుతో సమానం. వేగం సగమైతే లాగుడు సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. అందుకే ఊళ్ళో ఏమీ తెలియలేదు.

మరొక కారణం కూడా ఉన్నది. ఉయ్యాలను దాని ఊపుకు సరిపడేటట్టు తోస్తే చిన్నపిల్లవాడు కూడా పెద్దమనిషిని ఊపగలడు. కారు చక్రమూ, దాని స్ప్రింగులూ కలిసి ఒక ఉయ్యాల వంటివే. వాటికి సహజమైన ఊపు సెకనుకు సుమారు 10 నుంచి 15 సార్లు ఉంటుంది. చక్రం ఆ లెక్కకు తిరిగే వేగం రాగానే వణుకు ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ వేగం దాటితే కొన్ని కార్లలో మళ్ళీ తగ్గుతుంది కూడా!

తూకం వేరు, గుండ్రం వేరు

పెదనాన్నగారు మరునాడు కారును మెకానిక్కు దగ్గరికి తీసుకుపోయారు. అతను ముందుగా గాలి చూశాడు, చక్రాల నట్లు బిగువుగా ఉన్నాయో లేదో చూశాడు. తరువాత ఒక్కొక్క చక్రాన్నీ యంత్రం మీద తిప్పి, తేలికగా ఉన్న వైపున రిమ్ముకు చిన్న లోహపు ముక్కలు అతికించి తూకం సరిచేశాడు. దీన్నే వీల్ బ్యాలెన్సింగ్ అంటారు. యంత్రం సున్నా చూపించింది. చాలా కార్లలో వణుకు ఇంతటితో పోతుంది. కాని ఈ కారులో పోలేదు.

ఎందుకు పోలేదు? కోడిగుడ్డు ఆకారంలో ఒక చక్రం చేసి, సరిగ్గా నడిమధ్యన ఇరుసు దూర్చారనుకోండి. దాని తూకం చక్కగా ఉంటుంది. ఏ పక్కకూ మొగ్గదు. కాని దాన్ని బండికి తగిలిస్తే బండి ఎగిరెగిరి పడుతుంది! తూకం సరిపోయినంత మాత్రాన చక్రం గుండ్రంగా ఉన్నట్టు కాదు.

టైరు ఎలా తయారవుతుందో తెలిస్తే ఈ సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ అనే ఆయన, రబ్బరును గంధకంతో కలిపి వేడిచేస్తే అది ఎండకు కరగక, చలికి పెళుసెక్కక, గట్టిగా సాగుతుందని కనుగొన్నాడు. 1845లో రాబర్ట్ విలియం థామ్సన్ గాలి టైరుకు పేటెంటు పొందాడు గాని, జనం దాన్ని మరచిపోయారు. 1887-88లో బెల్‌ఫాస్టులో జాన్ బాయిడ్ డన్‌లప్ అనే పశువైద్యుడు తన కొడుకు మూడుచక్రాల బండికి గాలి టైర్లు చేసి మళ్ళీ దాన్ని లోకానికి తెచ్చాడు.

ఇప్పటి కారు టైరు ఒక్క రబ్బరు ముద్ద కాదు. లోపల గాలి పోనివ్వని పొర, దానిపైన దారాల పొరలు, అంచుల్లో ఉక్కుతీగల కడియాలు, పైన ఉక్కు పట్టీలు, అన్నిటికీ పైన రోడ్డును తాకే మందపు రబ్బరు. వీటన్నిటినీ చుట్టి, కొసలు అతికి, అచ్చులో పెట్టి ఉడికిస్తారు. ఎక్కడైనా అతుకు మందమైనా, పొర పక్కకు జరిగినా, అక్కడ టైరు ఎత్తుగానో గట్టిగానో తయారవుతుంది. కర్మాగారంలో పరీక్షలు చేసి ఇటువంటివాటిని ఏరివేస్తారు. అయినా అరుదుగా ఒకటి తప్పించుకుని అంగడికి చేరుతుంది. కొత్తదంటే అరగనిదని మాత్రమే అర్థం. దోషం లేనిదని కాదు!

దొంగను పట్టే విధం

మెకానిక్కు ఇప్పుడు ఒక్కొక్క అనుమానాన్నే వదిలించుకుంటూ పోయాడు.

బ్రేకు వేసినప్పుడే వణికితే తప్పు బ్రేకులలో ఉండవచ్చు. కాని ఇక్కడ బ్రేకు వేయకపోయినా వణుకుతున్నది. అదే వేగంలో గేరు మార్చి చూశాడు. గేరు మారితే ఇంజను తిరిగే లెక్క మారుతుంది, చక్రం తిరిగే లెక్క మారదు. వణుకు మారలేదు. అంటే తప్పు ఇంజనుది కాదు.

తరువాత ముందు చక్రాలను వెనక్కీ, వెనక చక్రాలను ముందుకూ మార్చాడు. సామాన్యంగా ముందు చక్రాల వణుకు స్టీరింగులోనూ, వెనక చక్రాల వణుకు సీటులోనూ తెలుస్తుంది. ఈసారి స్టీరింగు ఊరుకున్నది, సీటు వణికింది! దోషం ఆ రెండు చక్రాలతోపాటే వెనక్కి పోయిందన్నమాట. ఆ రెంటిలో ఒకదాని స్థానంలో అదే కొలత గల స్టెప్నీ వేసి చూస్తే దొంగ ఎవరో తేలిపోయింది.

కాని తప్పు టైరుదా, లోపలి రిమ్ముదా? మెకానిక్కు ఆ చక్రాన్ని జాకీ మీద లేపి, ఒక సుద్దముక్కను కదలకుండా టైరుకు దగ్గరగా పట్టుకుని చక్రాన్ని మెల్లగా తిప్పాడు. ఒక్కచోట మాత్రమే సుద్ద అంటుకున్నది. అక్కడ మిట్ట ఉన్నదన్నమాట. అప్పుడు టైరును రిమ్ము మీద సగం చుట్టు తిప్పి బిగించి, మళ్ళీ చూశాడు. మిట్ట రిమ్ముతో ఉండిపోలేదు, టైరుతోపాటే జరిగింది. ఇక సందేహం లేదు!

కొన్ని టైర్లు చూడటానికి గుండ్రంగానే ఉండి, ఒకచోట మాత్రం గట్టిగా ఉంటాయి. వీటిని సుద్దముక్క పట్టలేదు. పెద్ద దుకాణాల్లో కొన్నిచోట్ల టైరుకు ఒక రోలరును గట్టిగా ఒత్తిపెట్టి తిప్పే యంత్రం ఉంటుంది. అది రోడ్డు లాగా పనిచేసి, టైరు ఎక్కడ మెత్తగా ఉన్నదీ, ఎక్కడ గట్టిగా ఉన్నదీ చెబుతుంది.

పెదనాన్నగారు బిల్లు, సుద్దగుర్తు ఉన్న టైరు, పరీక్షల వివరం రాసిన కాగితం పట్టుకుని దుకాణానికి వెళ్ళారు. కేకలు వేయవలసిన అవసరం లేకపోయింది. దుకాణదారు తానే సుద్దముక్క పట్టి చూసి, టైరు మార్చి ఇచ్చాడు. తిరుగు ప్రయాణంలో స్టీరింగు చెరువునీళ్ళలా నిశ్చలంగా ఉన్నది.

"నువ్వన్నదే నిజమయిందిరా," అన్నారు పెదనాన్నగారు.

"కాని నేనూ ఊహించే చెప్పాను, పెదనాన్నా! తెలుసుకున్నవాడు మెకానిక్కు మామయ్య," అన్నారు మీరు.

ఎందుకింత శ్రమ?

వణుకు అన్నది కారు మాట్లాడే భాష. 2000 ఆగస్టులో అమెరికాలో ఫైర్‌స్టోన్ కంపెనీ దాదాపు 65 లక్షల టైర్లను వెనక్కి తీసుకోవలసి వచ్చింది. వాటి పైపొర విడిపోయి, కార్లు బోల్తాపడి రెండువందలమందికి పైగా చనిపోయారు. ప్రతి వణుకూ ఇంత ప్రమాదం కాదు. కాని వణుకు రోజురోజుకూ పెరుగుతున్నా, మెల్లగా పోయేటప్పుడు కూడా దడదడమన్నా, టైరు పక్కన బుడిపె లేచినా, ఆ కారును ఇక నడపరాదు. పక్కకు ఆపి చక్రం మార్చవలసిందే. ఈ మాట మీ ఇంట్లో పెద్దవాళ్ళకు చెప్పండి.

మీరే చేసి చూడండి

మీ సైకిలును సీటు మీదా, హేండిలు మీదా తలకిందులుగా నిలబెట్టండి. ముందు చక్రాన్ని మెల్లగా తిప్పి వదలండి. చాలాసార్లు గాలి కొట్టే వాల్వు ఉన్న వైపు, లేదా బరువైన మరొక వైపు, కిందికి వచ్చి ఆగుతుంది. ఆగినచోట సుద్దతో గుర్తు పెట్టి రెండు మూడు సార్లు తిప్పి చూడండి. గుర్తు ప్రతిసారీ కిందికే వస్తే, దానికి సరిగ్గా ఎదుటి వైపున చక్రపు ఊచకు చిన్న తీగముక్క చుట్టండి. చక్రం ఎక్కడపడితే అక్కడ ఆగేదాకా తీగను పెంచుతూ, తగ్గిస్తూ పోండి. మీరు వీల్ బ్యాలెన్సింగ్ చేసినట్టే!

ఆ తరువాత ఒక పెన్సిలును ఫోర్కుకు ఆనించి, దాని కొనను రిమ్ముకు దగ్గరగా పట్టి చక్రం మెల్లగా తిప్పండి. సందు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ కనిపిస్తే చక్రం వంకర పోయిందని తెలుసుకోండి. వేళ్ళు మాత్రం ఊచల దగ్గరికి పోనీయకండి. జాకీ మీద లేపిన కారు జోలికి పోకండి. అది పెద్దవాళ్ళ పని.

సైకిలు చక్రాన్ని పరీక్షించడం నేర్చినవాడికి ఇంకో సంగతి కూడా తెలిసివస్తుంది. తప్పు ఎవరిదో తేల్చేముందు, ఎవరిది కాదో ఒక్కొక్కటిగా తేల్చుకుంటూ రావాలి. చక్రానికయినా మనిషికయినా అదే న్యాయం.