ఆకలి అదుపు తప్పితే ఊబకాయం
స్థూలకాయ ఎలుకలపై హైదరాబాద్ పరిశోధన చెబుతున్న పాఠం

అల్లూరు: లావుగా ఉన్నవారు కనిపిస్తే తిండిపోతులని ఎగతాళి చేయడం పల్లెల్లోనూ, పట్టణాల్లోనూ పరిపాటి. నోరు కట్టుకుంటే సన్నబడవచ్చన్నది అందరూ ఇచ్చే సలహా. అయితే ఆకలి కేవలం మనోనిగ్రహానికి సంబంధించినది కాదని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో జరిగిన పరిశోధన స్పష్టం చేస్తోంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో మహిళల్లో 36.3 శాతం, పురుషుల్లో 31.1 శాతం మంది అధిక బరువు లేదా ఊబకాయంతో ఉన్నారు. దేశవ్యాప్తంగా మహిళల్లో ఇది 24 శాతం మాత్రమే. ఈ నేపథ్యంలో ఆ పరిశోధన అందరూ తెలుసుకోదగినది.

లేమి నుంచి అతి వరకు

ఈ సంస్థ 1918లో తమిళనాడులోని కూనూరులో బెరిబెరి వ్యాధిపై పరిశోధనకు చిన్న విభాగంగా మొదలైంది. బాగా పాలిష్ పట్టిన బియ్యమే ప్రధానాహారమైన చోట్ల పోషక లోపం వల్ల వచ్చే వ్యాధి అది. 1958లో సంస్థ హైదరాబాద్‌కు తరలింది. పరిశోధనల కోసం అక్కడ తరతరాలుగా పెంచుతున్న ఎలుకల్లో కొన్ని వాటంతట అవే విపరీతంగా లావెక్కడాన్ని శాస్త్రవేత్త ఎన్.వి.గిరిధరన్ బృందం గుర్తించింది. 1996లో ఈ సంగతిని శాస్త్ర ప్రపంచానికి వెల్లడించింది.

వాటికి ప్రత్యేకంగా కొవ్వు మేత పెట్టలేదు. జన్యువులను ఎవరూ మార్చలేదు. పుట్టిన 35 రోజులకే తేడా కనిపించేది. తోటి ఎలుకల కంటే ఎంతో ఎక్కువ తినేవి. రక్తంలో ఇన్సులిన్, కొవ్వులు అధికంగా ఉండేవి. సంతాన సామర్థ్యం లోపించింది. ఇదే కోవలో బయటపడిన మరో రకం ఎలుకల్లో చక్కెరను వినియోగించుకునే శక్తి కూడా దెబ్బతింది.

కొవ్వు పంపే కబురు

అమెరికా శాస్త్రవేత్త జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం 1994లో లెప్టిన్ జన్యువును కనుగొంది. ఒంట్లోని కొవ్వు కణాలే ఈ హార్మోన్‌ను తయారుచేస్తాయి. నిల్వలు చాలినన్ని ఉన్నాయని అది మెదడులోని హైపోథాలమస్‌కు తెలియజేస్తుంది. అప్పుడు ఆకలి తగ్గుతుంది. చెరువు నిండిందన్న కబురు అందకపోతే కాలువ షట్టరు దించేవారుండరు. నీరు వస్తూనే ఉంటుంది. హైదరాబాద్ ఎలుకల్లో జరిగింది ఇంచుమించు అదే. వాటి రక్తంలో లెప్టిన్ దండిగా ఉన్నా ఆకలి తగ్గలేదు. లోపానికి మూలం 5వ క్రోమోజోమ్‌పై, లెప్టిన్ కబురును అందుకునే గ్రాహకం జన్యువుకు సమీపంలో ఉన్నట్లు 2013లో ప్రచురితమైన పరిశోధన తేల్చింది. అందులో గిరిధరన్‌తో పాటు ఫ్రీడ్‌మన్ కూడా పాలుపంచుకున్నారు.

మనుషుల్లో ఎలా?

ఒకే జన్యువు లోపంతో మనుషులకు ఊబకాయం రావడం బహు అరుదు. ఎక్కువమందిలో అనేక జన్యువుల ప్రభావానికి తిండి తీరు, శారీరక శ్రమ తగ్గడం తోడవుతాయి. కోత యంత్రాలు, మోటారు సైకిళ్లు వచ్చాక అల్లూరు వంటి వరి మాగాణి ప్రాంతాల్లోనూ ఒంటికి పని తగ్గింది. పళ్లెంలో అన్నం మాత్రం అంతగా తగ్గలేదు.

మరో చిక్కు ఉంది. పస్తులతో బరువు తగ్గించుకుంటే లెప్టిన్ కూడా పడిపోతుంది. దాంతో ఆకలి పెరుగుతుంది. శరీరం శక్తిని ఆచితూచి ఖర్చు చేస్తుంది. తగ్గిన బరువు మళ్లీ చేరడానికి ఇదొక ముఖ్య కారణం. దీన్ని మనిషి బలహీనతగా భావించడం సరికాదు.

పాటించదగినవి

భారతీయులు ఎత్తు, బరువుల సూచిక 23 దాటితే అధిక బరువుగా, 25కు చేరితే ఊబకాయంగా పరిగణిస్తారు. ఆ లెక్కన 160 సెంటీమీటర్ల ఎత్తున్నవారికి 59 కిలోలు దాటితే అధిక బరువు, 64 కిలోలకు చేరితే ఊబకాయం. నడుము చుట్టుకొలత పురుషుల్లో 90, స్త్రీలలో 80 సెంటీమీటర్లు మించితే రక్తంలో చక్కెర, రక్తపోటు పరీక్షలు చేయించుకోవడం మేలు. అన్నం కొంత తగ్గించి పప్పు, ఆకుకూరలు, కూరగాయలు, చేపలు పెంచుకోవాలి. రోజూ నడవాలి. కంటినిండా నిద్రపోవాలి. నెలలో పది కిలోలు తగ్గిస్తామనే పొడులను నమ్మి డబ్బు, ఆరోగ్యం పోగొట్టుకోరాదు. బరువు నిదానంగానే తగ్గాలి. ఇంట్లో లావుగా ఉన్నవారిని దెప్పిపొడిచే బదులు కుటుంబమంతా ఒకే విధమైన మితాహారానికి అలవాటు పడితే వారికి అంతకు మించిన సాయం లేదు.